ఒడ్డుకు రానివాళ్ళకి రాయి ఎందుకు?

మహాలయ పక్షాల మీద వీడియో పెట్టిన ప్రతిసారీ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. నీళ్ళలో పోయి, శరీరం కూడా దొరకనివాళ్ళకి ఏం చేయాలండీ అని. ఈసారి దానికి తోడు ఇంకోటి వచ్చింది. ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు అక్కడ సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరి చర్చి చూశాడట. గోడ మీద పలక, పలక మీద పేర్లు, అన్నీ ఆ ఊరివాళ్ళవే, అందరూ ఒకే రాత్రి పోయినవాళ్ళు. "అన్నా, ఆత్మకి చావు లేదంటాం, శరీరం మార్చుకునే బట్టలాంటిదంటాం. మరి పేర్లు రాళ్ళ మీద చెక్కుకోవడం మమకారమే కదా? మనం ఆ పని చేయకపోవడమే కదా జ్ఞానం?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. మాది చండ్రుగొండ. చుట్టూ అడవి, కనకగిరి గుట్టలు. సముద్రం చూడాలంటే కాకినాడకో మచిలీపట్నానికో పోవాలి. మాకు తెలిసిన పెద్ద నీళ్ళంటే భద్రాచలం దగ్గర గోదావరే. కాబట్టి సముద్రం సంగతి కొంత, గోదావరి సంగతి కొంత చెబుతాను.

ముందు ఆ పలకలు ఎవరివో చూద్దాం. బ్రిటన్‌లో తుఫానులో చిక్కుకున్న ఓడల వాళ్ళని కాపాడ్డానికి లైఫ్‌బోట్లు ఉంటాయి. వాటిని నడిపే సంస్థ 1824లో పుట్టింది. పడవ ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది జీతగాళ్ళు కారు. చేపలు పట్టేవాళ్ళు, దుకాణం నడిపేవాళ్ళు, ఊళ్ళో మామూలు మనుషులు. పిలుపు వస్తే పని వదిలేసి పరుగెత్తుతారు.

కార్న్‌వాల్‌లో మౌజ్‌హోల్ అనే ఊరుంది. 1981 డిసెంబరు 19 రాత్రి, భయంకరమైన గాలిలో యూనియన్ స్టార్ అనే ఓడ ఇంజను ఆగిపోయింది. అందులో ఎనిమిదిమంది. వాళ్ళ కోసం ఊరి లైఫ్‌బోట్ బయలుదేరింది. అదీ చెక్క పడవే. ఎక్కింది ఎనిమిదిమంది. ఎక్కడానికి ఇంకో కుర్రాడు కూడా వచ్చాడు, కానీ పడవ పెద్ద వద్దన్నాడు. ఆ కుర్రాడి నాన్న అప్పటికే పడవలో ఉన్నాడు. ఇలాంటి రాత్రి ఒకే ఇంటి నుంచి ఇద్దరు వద్దని ఆయన లెక్క. ఓడలోంచి నలుగురిని తీసుకున్నామని రేడియోలో చెప్పారు. అంతే, తరువాత మాట లేదు. మొత్తం పదహారుమందీ పోయారు. మరుసటి రోజుకల్లా అదే ఊళ్ళో కొత్త లైఫ్‌బోట్‌కి సరిపడా మనుషులు మేమొస్తామంటూ పేర్లిచ్చారు. ఆ రాత్రి వద్దనిపించుకున్న కుర్రాడే తరువాతి కాలంలో అక్కడి లైఫ్‌బోట్‌కి పెద్ద అయ్యాడు. క్రిస్మస్‌కి ఆ ఊరి రేవు దీపాలతో వెలిగిపోతుంది. కానీ ఏటా డిసెంబరు 19న మాత్రం ఒక గంటసేపు ఆ దీపాలు తగ్గించేస్తారు.

చూశారా, అక్కడ రాయి ఒక్కటే లేదు. గంటసేపు తగ్గిన వెలుగు కూడా ఉంది, మర్నాడే పేరిచ్చిన మనుషులూ ఉన్నారు. తమ్ముడు గోడ మీద చూసింది ఇందులో చిన్న ముక్క.

ఇక మనవాళ్ళు చేయరనే మాట. దీన్ని నేను ఒప్పుకోను. మనకి సమాధులు తక్కువ, నిజమే. కాల్చి బూడిద నీళ్ళలో కలుపుతాం. కానీ తెలుగునేల మీద పాత ఊళ్ళలో తిరిగితే వీరగల్లులు కనిపిస్తాయి. ఊరి పశువుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపడి చచ్చిపోయినవాడికి, ఊరి కోసం కత్తి పట్టి పడిపోయినవాడికి నిలబెట్టిన రాళ్ళు. పైన సూర్యచంద్రులు చెక్కి ఉంటారు, అవి ఉన్నంతకాలం ఈ పేరు ఉండాలని. పల్నాటి కారెంపూడిలో వీరుల గుడే ఉంది. మా జిల్లాలోనే పినపాక మండలం జానంపేటలో పెద్ద పెద్ద బండలతో కట్టిన రాక్షసగుళ్ళున్నాయి. అవి చరిత్రకు అందని కాలంనాటి సమాధులు. వేలయేళ్ళ కిందట కూడా ఇక్కడి మనిషికి పోయినవాళ్ళ కోసం బండ మోయాలనిపించింది.

అన్నిటికన్నా నాకు దగ్గరగా అనిపించేది జంపన్న వాగు. మేడారం వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. కాకతీయ సైన్యంతో పోరాడి ఓడిపోయిన సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం వదిలాడని కథ. అప్పటినుంచి వాగు పేరే మారిపోయింది. నీళ్ళలో పోయినవాడికి ఆ నీళ్ళే స్మారకం. రెండేళ్ళకోసారి లక్షలమంది అందులో మునిగి లేస్తారు. మునిగేటప్పుడు ఎంతమందికి ఆ కథ గుర్తుంటుందో కానీ, పేరైతే అందరి నోటా పలుకుతుంది. దీన్ని మమకారం అని ఏ పండితుడైనా అంటాడా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తాను. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండి పోచమ్మ గుడి దగ్గర్నుంచి పాపికొండలకు బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అప్పుడు గోదావరి వరదమీద ఉంది. దగ్గర పల్లెలోని గిరిజనులు తమ పడవలేసుకుని వెళ్ళి చేతికందినవాళ్ళని లాగారు. 26 మంది బయటపడ్డారు, 50 మందికి పైగా పోయారు. బోటు ఎంత లోతులో ఉందంటే, కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి తీసేసరికి అక్టోబరు 22 అయింది.

మీరు గమనించారో లేదో, ఆ ప్రమాదం జరిగింది మహాలయ పక్షాల మొదట్లో. దేశమంతా పెద్దలకి నువ్వులు, నీళ్ళు వదులుతున్న రోజులవి. సెప్టెంబరు 28న మహాలయ అమావాస్య కూడా వెళ్ళిపోయింది. బోటు ఇంకా నీళ్ళలోనే ఉంది. కొన్ని ఇళ్ళలో మనిషి పోయాడని చెప్పడానికి శరీరం లేదు, ఉన్నాడని అనుకోవడానికి ఆశ లేదు. ఆ స్థితి మీద తత్త్వం మాట్లాడడం చాలా తేలిక. గీత రెండో అధ్యాయం చెప్పినట్టు ఆత్మని నీళ్ళు తడపలేవు, సరే. కానీ ఏట్లో వెతుకుతున్న పడవల్ని ఒడ్డున కూర్చుని చూస్తున్న తల్లికి ఆ మాట చెప్పగలమా? నేనైతే చెప్పలేను.

మన శాస్త్రం కూడా ఆ మాట చెప్పి ఊరుకోలేదు. నాకు మన పెద్దలమీద గౌరవం పెరిగింది ఇక్కడే. శరీరం దొరకకపోతే, మరణం నిశ్చయమైతే, మోదుగ ఆకుల కాడలతో ఒక మనిషి ఆకారం చేసి దానికే దహనం చేయమన్నారు. పర్ణనర దహనం అంటారు, పాలాశ విధి అనీ అంటారు. తలకింతని, ఛాతీకింతని, కాళ్ళకింతని లెక్క చెప్పారు, మొత్తం 360 కాడలు. తల స్థానంలో కొబ్బరికాయ. (వివరాల్లో సంప్రదాయానికీ సంప్రదాయానికీ తేడాలుంటాయి. మనిషి పోయాడో లేదో తెలియనప్పుడు నియమాలు వేరు. మీ పురోహితుణ్ణి అడగండి, వీడియో చూసి చేసేయకండి.)

మా చండ్రుగొండ అడవిలో మోదుగకి కొదవ లేదు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలి చెట్టంతా ఎర్రగా మండుతున్నట్టుంటుంది. విస్తళ్ళు కుట్టుకునేదీ ఆ ఆకులతోనే. పెళ్ళిలో అన్నం పెట్టిన ఆకే, మనిషి దొరకని రోజున మనిషవుతుంది. ఆత్మ నిత్యమని చెప్పిన సంప్రదాయమే, కూర్చుని 360 కాడలు లెక్కపెట్టమని కూడా చెప్పింది. అంటే ఏడవడానికి చేతులకి ఒక పని కావాలని దానికి తెలుసు. చర్చి గోడ మీద పలక చేసే పని కూడా దాదాపు ఇదే. సముద్రం శరీరాన్ని ఇవ్వలేదు కాబట్టి పేరుని శరీరం చేసుకున్నారు.

కానీ ఇది ఇంటివాళ్ళ దుఃఖం సంగతి. లైఫ్‌బోట్ వాళ్ళ విషయంలో ఇంకో మెలిక ఉంది. వాళ్ళు పోయింది ఎవరి కోసం? ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం. మరి వాళ్ళని తలుచుకునే బాధ్యత ఒక్క వాళ్ళ ఇంటివాళ్ళదేనా?

మనకీ అలాంటివాళ్ళున్నారు. 2022 జూలైలో గోదావరి పరివాహకమంతా వరద. జూలై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకి చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరువాత మళ్ళీ అంతటిది చూశాం. అదే వారం కుమురం భీం జిల్లా దహెగాం దగ్గర వరదలో చిక్కుకున్న గర్భిణికి సాయంగా వెళ్ళిన సింగరేణి రెస్క్యూ టీంలో ఇద్దరు పెద్దవాగులో కొట్టుకుపోయారు. గనిలో ప్రమాదం జరిగితే దిగాల్సినవాళ్ళు, బయట వాగు పొంగినా వెళ్ళారు. మౌజ్‌హోల్ పడవలోని ఎనిమిదిమందికీ వీళ్ళకీ నాకు తేడా కనబడదు. మా ఇంటికి సింగరేణి కొత్తగూడెం బస్సెక్కితే వచ్చేంత దూరం. అయినా మా వైపు పిల్లల్ని ఆ ఇద్దరి గురించి అడిగితే ఎంతమందికి తెలుసంటారు?

"మన పితృకర్మ సొంత వంశానికే కదా" అని కొందరంటారు. కాదండీ. మహాలయంలో కారుణ్య పితరులని ఒక వరసే ఉంది. గురువు, స్నేహితుడు, శిష్యుడు, ఇలా రక్తసంబంధం లేనివాళ్ళు కూడా అందులోకి వస్తారు. తర్పణం చివర బట్ట పిండి ఆ నీళ్ళు వదిలేది పిల్లలు లేకుండా పోయినవాళ్ళ కోసం. మాఘంలో భీష్మాష్టమి నాడు భీష్ముడికి తర్పణం ఇస్తాం. ఆయనకి కొడుకుల్లేరు, అందుకని లోకమంతా కొడుకులైంది. నాన్న బతికున్నవాళ్ళు కూడా ఇవ్వొచ్చని పెద్దలు చెబుతారు. ఇంతకన్నా పెద్ద స్మారకం ఏ దేశంలో కట్టారు?

ఇంకో చిక్కు ప్రశ్న ఉంది. కాపాడబోయి కాపాడలేకపోతే? 1928 నవంబరు 15న ఇంగ్లండ్‌లోనే రై హార్బర్ అనే ఊరి నుంచి లైఫ్‌బోట్ బయలుదేరింది. కాసేపటికే కబురు వచ్చింది, ఆపదలో ఉన్న ఓడవాళ్ళని ఇంకో ఓడ రక్షించేసిందని. వెనక్కి రమ్మని ఒడ్డునుంచి సంకేతాలిచ్చారు. ఆ గాలివానలో పడవవాళ్ళకి అవి కనబడలేదు. 17 మందీ మునిగిపోయారు. అవసరమే లేని ప్రయాణం. ఆ ఊరి చర్చి ఆవరణలో వాళ్ళ స్మారకం ఉంది.

ఫలితంతో కొలిస్తే ఆ 17 మంది చావుకి అర్థం లేదు. నాకు అలా కొలవడం తప్పనిపిస్తుంది. పడవ తోసినప్పుడు వాళ్ళకి తెలిసింది ఒక్కటే, అవతల మనుషులున్నారని. చేయాల్సింది ఆ క్షణంలోనే చేసేశారు, తరువాతిది వాళ్ళ చేతిలో లేదు. కర్మఫలం మీద అధికారం లేదనే మాటని మనం పరీక్ష ఫలితాలకీ ప్రమోషన్లకీ వాడి వాడి అరగదీశాం. దాని అసలు బరువు ఇలాంటి చోట తెలుస్తుంది.

అయితే స్మారకాలంటే నాకు ఒక భయం కూడా ఉంది. త్యాగం, త్యాగం అని దండలేసి, అసలు ఆ మనిషిని ఆ ప్రమాదంలోకి తోసింది ఏమిటో అడగకుండా వదిలేస్తాం. లైఫ్ జాకెట్ మెడలో వేసుకున్నారా, వరదలో బోటు ఎందుకు వదిలారు, వాగు దాటడానికి తాడు సరైనదేనా, ఇవి కూడా శ్రాద్ధంలో భాగమే అని నా అభిప్రాయం. శ్రాద్ధం అంటే శ్రద్ధతో చేసేది కదా.

ఇంకోటి, రాయి పక్షం తీసుకుంటుందా? మా మండలంలోనే 2022 నవంబరు 22న ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు గారు బెండాలపాడు అడవిలో, ప్లాంటేషన్ దగ్గర జరిగిన దాడిలో చనిపోయారు. ఏటా సెప్టెంబరు 11న అటవీ అమరవీరుల దినం జరుపుతారు. 1730లో రాజస్థాన్ ఖేజర్లీలో చెట్ల కోసం 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చిన రోజు అది. ఆ రోజు ఆయన్ని తలుచుకోవాలి. తలుచుకున్నంత మాత్రాన పోడు భూమి గొడవలో ఒకవైపు తీర్పు చెప్పినట్టు కాదు, అడవిలో బతికే గూడేలమీద కోపం పెంచుకోమనీ కాదు. ఉద్యోగం చేస్తూ పోయిన మనిషికి అది దక్కాలి, అంతే. విశాఖ తీరాన్నే చూడండి. 1971 యుద్ధం గెలుపుకి బీచ్‌లో స్మారకం కట్టుకున్నాం. అదే సముద్రంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని మన నావికాదళం గుర్తించాక కూడా, లోపల చనిపోయినవాళ్ళ మీద గౌరవంతో దాన్ని ముట్టుకోకుండా వదిలేసింది. శత్రువైనా సముద్రంలో పోయినవాడు సముద్రంలో పోయినవాడే.

తమ్ముడూ, నువ్వడిగింది మమకారం గురించి. నావాళ్ళు, నా పేరు అనుకుంటే అది మమకారం. నాకు ఏమీ కానివాడి పేరు గుర్తుపెట్టుకోవడాన్ని ఏమనాలో నాకూ తెలియదు కానీ, ఆ మాట మాత్రం దానికి సరిపోదు.

నాన్న పోయాక మహాలయ అమావాస్యకి నేనే తర్పణం ఇస్తున్నాను. చివర్లో పంతులుగారు "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. ఈసారి దహెగాం వాగులో పోయిన ఆ ఇద్దరి పేర్లూ చెబుదామని కాగితం మీద రాసిపెట్టుకున్నాను. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం అని చెప్పొచ్చట.