మేడారంలో గుడారం ఎంత ఉండాలి?

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే మేడారం జాతరలో జంపన్నవాగు చుట్టూ కుటుంబాలకు కుటుంబాలే విడిది చేస్తాయి. చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో తరలివచ్చే సమ్మక్క తల్లి ఆరుబయట గద్దె మీదే కొలువుంటుంది. తల్లికే కప్పు లేనప్పుడు భక్తుడికి పెద్ద గుడారం ఎందుకని కొందరి అభ్యంతరం. కష్టం ఓర్చుకోవడమూ భక్తే, కాదనను. అయితే ఆ కష్టాన్ని ఎవరికి వారు ఎంచుకోవాలి. పసిబిడ్డనూ ముసలమ్మనూ మంచులో పడుకోబెడితే అది తపస్సు అనిపించుకోదు. మొక్కు ఇంటిల్లిపాదిదీ. నిలువెత్తు బంగారంగా బెల్లం తూచి ఇచ్చే తాతా, పుట్టువెంట్రుకలు తీయించుకునే మనవడూ ఒకే నీడన ఉండాలంటే చోటు కావాలి. 

మరి హద్దేది? అక్కడి నేల అందరిదీ. మనుషులకు సరిపడా వేసుకుంటే అవసరం, హంగు కోసం పరిస్తే పక్కవాళ్ల చోటు ఆక్రమించినట్టే. గుడారం కొనేముందు అందులో ఎందరు పడుకోగలరో లెక్కేసుకోండి. చోటు మిగిలితే లేనివాళ్లను పిలిచి ఇవ్వండి.