రైలు వెళ్లిపోయిన దారి

మొన్న కార్తీక సోమవారం సాయంత్రం మా అత్తయ్యగారిని, మా అమ్మాయిని వెంటబెట్టుకుని రాజమండ్రి పుష్కరాల రేవుకి వెళ్లాను. దీపాలు వదిలి మెట్ల మీద కూర్చున్నాం. ఎదురుగా పాత రైలు వంతెన. పొద్దుగూకే వేళ ఆ స్తంభాల వరస చూస్తే, నీళ్లలోకి దిగి ఒడ్డెక్కడం మర్చిపోయిన ముసలి ఏనుగుల్లా ఉంటాయి.

“రైళ్లే వెళ్లనప్పుడు దీన్నెందుకు నానమ్మా ఇలా ఉంచారు?” అంది మా అమ్మాయి.

“ఈ వంతెన మీదే కాపరానికొచ్చానే నేను. 1971లో. నిడదవోలులో రైలెక్కాం. వంతెన మీదకి రాగానే మా అమ్మ కొంగున కట్టిచ్చిన పైసలన్నీ గోదాట్లో వేసేశాను. ‘కొన్ని దాచుకో, ఇంకా చాలాసార్లు దాటాలి’ అన్నారు మీ తాతయ్య. ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అదే.”

“అయితే మాత్రం, ఇప్పుడెందుకూ పనికిరాదుగా!”

“ఎందుకు పనికిరాదే? దానికిప్పుడు తొందర లేదు, అంతే.”

అమ్మాయి పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

మద్రాసు గవర్నరుగా ఉన్న హేవలాక్ పేరు పెట్టిన ఈ వంతెన మీద 1900లో రైళ్లు మొదలయ్యాయి. యాభై ఆరు స్పానులు, రెండున్నర కిలోమీటర్లకి పైగా పొడవు. హౌరాకీ మద్రాసుకీ మధ్య తిరిగిన మెయిళ్లన్నీ దశాబ్దాల తరబడి దీని మీదే గోదావరి దాటాయి. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చింది, ఆ తర్వాత విల్లులా వంగిన కొత్త వంతెన వచ్చింది. 1997లో దీనికి విశ్రాంతి ఇచ్చారు. అప్పట్నించీ పాత ఇనుముగా అమ్మేస్తారని ఒకసారి, షికారు బాటగా మారుస్తారని ఒకసారి వింటూనే ఉన్నాం. 2025 జూన్‌లో అఖండ గోదావరి పర్యాటక పథకానికి శంకుస్థాపన చేసినప్పుడు అందులో ఈ వంతెనకీ చోటిచ్చారు. ఎప్పటికైనా కొవ్వూరు దాకా దాని మీద నడిచి వెళ్లాలని నాకో కోరిక.

ఇలాంటివి ఇతర దేశాల్లో చాలానే ఉన్నాయి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1960లలోనే రైలు ఆగిపోయిన ముప్ఫై రెండు మైళ్ల దారిని సైకిలు బాట చేశారు. మధ్యలో మూడు సొరంగాలు. అక్కడ సైకిలు దిగి, చేతిలో దీపం పట్టుకుని నడిపించుకుంటూ పోవాలట. న్యూయార్కులో మేడల మధ్యగా పోయే ఒక రైలు వంతెన మీద 1980లో బళ్లు ఆగిపోయాయి. గడ్డి మొలిచింది. పడగొట్టమని కొందరు, ఉంచమని కొందరు. చివరికి 2009లో అది తోట అయింది. తోట బాగుందని చుట్టుపక్కల అద్దెలు పెరిగిపోయాయి, అది వేరే కథ.

కాని నాకన్నిటికన్నా నచ్చింది 1983లో అక్కడ చేసిన ఒక చట్టం. రైలు వద్దనుకున్న దారిని ముక్కలు చేసి అమ్మెయ్యకుండా నడక బాటగా అట్టే పెట్టుకోవచ్చు. రేపెప్పుడైనా రైలు కావాలంటే మళ్లీ రైలుకే ఇవ్వాలి. అంటే, నడిచేవాళ్లు దారికి యజమానులు కారు, కాపలాదార్లన్నమాట.

మళ్లీ రైలెక్కడొస్తుందండీ అంటారేమో. మన కోటిపల్లి లైను సంగతేమిటి మరి? కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో పట్టాలు వేశారు. యుద్ధమొచ్చింది. 1940లో ఆ పట్టాలు ఊడబీకి యుద్ధానికి పట్టుకుపోయారు. అరవై నాలుగేళ్ల తర్వాత, 2004లో, అక్కడ మళ్లీ పట్టాలు పడ్డాయి. ఒంటిపెట్టె రైలుబస్సు కొబ్బరితోటల మధ్య కూత వేసుకుంటూ వెళ్లింది. కనక ‘ఇహ దీని పని అయిపోయింది’ అని తీర్పు చెప్పేసే ముందు మనుషులు కాస్త ఆలోచించుకోవాలి.

ఆ తీర్పు నేనూ చెప్పాను. అందుకే ఆవేళ నవ్వు రాలేదు.

రెండు నెలల కిందట పాలగిన్నె దింపబోయి అత్తయ్యగారు చెయ్యి కాల్చుకున్నారు. నేను హడలిపోయి, “ఇన్నాళ్లూ చేశారు, ఇహ వంటింట్లోకి రాకండి, హాయిగా కూర్చోండి” అన్నాను. ప్రేమతోనే అన్నాను సుమండీ! మావారు కూడా మెచ్చుకున్నారు. కాని ఆ మర్నాటి నుంచి ఆవిడ తెల్లవారుజామునే లేవడం మానేశారు. “నేనిప్పుడు లేవాలామ్మా?” అని అడిగేవారు. అన్నం తగ్గింది. విశ్రాంతి ఇచ్చాననుకున్నాను. పట్టాలు పీకేశానని తెలుసుకోలేకపోయాను.

అయితే ఇందులో ఒక చిక్కుంది. పని ఉంటేనే మనిషికి విలువ అంటే, పని చెయ్యలేని రోజున ఏమిటి గతి? మంచంలో ఉన్నవాళ్ల మాటేమిటి? పాత వంతెన కూడా టిక్కెట్ల మీద డబ్బు తెస్తేనే ఉండాలా? ఆలోచించగా నాకు తోచిందిది. ఆవిడ కాఫీ పెడితేనే మనకి విలువైనవారు అవడం కాదు, కాఫీ పెట్టాలనిపించిన రోజున వంటింటి దారి మూసి ఉండకూడదు. నడవడం మానడం వేరు, దారి లేకపోవడం వేరు. మొదటిది ఆవిడ ఇష్టం. రెండోది మనం చేసే అన్యాయం.

దారి ఉంచడం ఊరికే కాదు. తుప్పు పట్టిన వంతెన మీదకి జనాన్ని వదిలితే ప్రమాదం. బాగుచెయ్యాలి, రంగు వెయ్యాలి, కనిపెట్టుకుని ఉండాలి. ‘పడగొట్టకండి’ అనేవాళ్లు ఆ ఖర్చూ ఒప్పుకోవాలి. స్టవ్ దగ్గర అత్తయ్యగారి చెయ్యి వణకడం నిజం. ఆ ఖర్చు నా పొద్దుటి అరగంట.

కార్తీక సోమవారం మర్నాడు ఫిల్టరు, కాఫీపొడి డబ్బా గట్టు మీద పెట్టి ఊరుకున్నాను. రమ్మని పిలవలేదు. మూడో రోజున వచ్చారు. నేను కూర తరుగుతున్నట్టు నటిస్తూ పక్కనే నిలబడ్డాను. డికాక్షను దిగడానికి చాలాసేపు పట్టింది. మావారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు.

“ఏమిట్రా తొందర?” అన్నారు అత్తయ్యగారు.