చంపిన చేయి, తిన్న నోరు

మాంసమును భుజించువాడు ఆ ప్రాణిహింసకు ఎంతవరకు బాధ్యుడు? ఈ ప్రశ్న మిక్కిలి పాతది. అయినను ప్రతి భోజనముతోను క్రొత్తదగుచున్నది. దీనిని విచారించుటకు మేము పెద్ద మృగముల వేటను విడిచి, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఉడుతల వేటను గ్రహించుచున్నాము. అల్పవిషయములందు ధర్మాధర్మములు తేటగా కానవచ్చును.

ఆ దేశపు తూర్పు అడవులలోని బూడిదరంగు ఉడుత మన పెరటి ఉడుతకంటె చాల పెద్దది. ఇంచుమించు అరకిలో తూగును. ఆకు రాలు కాలమున అది ఓకు, హికరీ చెట్ల కాయలకై తిరుగుచుండగా, వేటకాడు చెట్టు మొదట నిశ్చలముగా కూర్చుండి చిన్న తుపాకితో కొట్టును. వేట ఋతువును, దినమునకు చంపదగిన సంఖ్యను ఆయా రాష్ట్రముల శాసనములు నిర్ణయించును. పలుచోట్ల తండ్రులు బిడ్డలకు మొదట నేర్పు వేట ఇదియే.

తుపాకి ప్రేలుటతో ఆ పాఠము ముగియదు. ఉడుత బొచ్చు మాంసమునకు అంటుకొన్నచో వదలదు గనుక ముందుగా దానిని నీట తడుపుదురు. తోక క్రింద ఎముకను కోసి, వీపువైపు చర్మమును తెగనీయక, తోకను కాలితో త్రొక్కిపట్టి వెనుకకాళ్లను పైకి లాగుదురు. చొక్కా విడిచినట్లు తోలు ఊడివచ్చును. పిమ్మట పొట్టను పైపైన చీల్చి, ప్రేగులును మూత్రాశయమును చిట్లకుండ తీసి, చల్లని నీట కడుగుదురు. ఇట్టి జంతువులవలన తులరీమియా యను జ్వరము సోకవచ్చును గనుక చేతితొడుగులు ధరించుటయు, మాంసమును బాగుగా ఉడికించుటయు అవశ్యము.

ఇంతగా ఏల వర్ణించితిమి? గురి కుదిరినపుడు బాలునకు కలుగునది గర్వము. వెచ్చని పొట్టలో చేయి పెట్టినపుడు, ఇది యొక ప్రాణము, దీనిని తీసినవాడను నేనే, యని వానికి తెలియును. అయిదు ఉడుతలను కొట్టుట ఆట కావచ్చును. అయిదింటిని శుభ్రపరచుట ఎవ్వరికిని ఆట కాదు.

ఇట్టి అభ్యాసమువలన హృదయము మొద్దుబారదా యని కొందరందురు. మొద్దుబారవచ్చును. కాని కన్నులు మూసికొనుట దయ యనిపించుకొనదు. గాయపడి పొదలో పడినదానిని వెదకి దాని బాధను ముగించునా, తినగలిగినంతకే తృప్తి చెందునా యనునవి వాని హృదయమునకు పరీక్షలు.

ఇక మన దేశము మాటకు వత్తము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ శాసనము ఇచ్చట అడవిజంతువుల వేటను సామాన్యముగా నిషేధించినది. ఉడుత వీపుచారలను శ్రీరాముని వ్రేళ్ల గుర్తులని చెప్పుకొను మనకు పై వేట క్రూరముగా తోచుట సహజము. అయినను మనలో మాంసాహారులు కోడిని అంగడిలో కోయించి ముక్కలుగా ఇంటికి తెచ్చుకొందురు; కోసినవానిని, తోలు ఒలిచినవానిని హీనునిగా చూచుదురు. మనుస్మృతి పంచమాధ్యాయము అనుమతించినవానిని, కోసినవానిని, చంపినవానిని, కొన్నవానిని, అమ్మినవానిని, వండినవానిని, వడ్డించినవానిని, తిన్నవానిని, ఎల్లరను ఘాతకులుగానే ఎన్నినది. న్యాయస్థానమునందును, నేరమును చేయించినవాడు తన చేతికి నెత్తురు అంటలేదని చెప్పి తప్పించుకొనజాలడు.

మాంసమును విడిచినవారితో మాకు వాదము లేదు. తినువారు మాత్రము ఒక్కమారైనను ఒక కోడినైనను స్వహస్తములతో శుభ్రపరచి చూడవలెను. అందుకు మనసొప్పనిచో ఆ ముద్దను విడువవలెను. అన్యులచే చేయించుకొని తినుచో, ఆ పని చేసినవానిని తమ పంక్తిని సమానముగా కూర్చుండబెట్టుకొనవలెను. ఈ రెండింటికి నడుమ ధర్మ్యమైన మూడవ మార్గము మాకు కానరాదు.