కాలం పనిచేస్తుందా, మనిషి పనిచేస్తాడా?



మన తెలుగువాళ్ళకు రెండు సామెతలున్నాయి. "నిదానమే ప్రధానం" అంటుంది ఒకటి. "ఆలస్యం అమృతం విషం" అంటుంది రెండోది. రెండింటినీ మనం అవసరాన్ని బట్టి వాడుకుంటాం. వచ్చిన సంబంధం నచ్చకపోతే మొదటిది గుర్తుకొస్తుంది, నచ్చితే రెండోది! ఇంతకీ ఏది నిజం? ఈ వారం ఈ ప్రశ్నను పెద్దలు సాధారణంగా తొంగిచూడని ఒక చోట పెట్టి పరిశీలిద్దాం. అది మీ పిల్లలు ఆడుకునే వీడియో గేమ్‌ల లోకం.

నవ్వకండి. మీ ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే కుర్రవాణ్ణి అడిగి చూడండి. తను ఎదురుచూస్తున్న ఆట విడుదల మళ్ళీ వాయిదా పడిందంటే వాళ్ళ స్నేహితుల్లో రెండు పక్షాలు తయారవుతాయి. "ఎంత ఆలస్యమైతే అంత బాగా తయారవుతుంది" అని ఒక పక్షం. "ఇన్నేళ్ళు పట్టిందంటే ఎక్కడో చెడింది" అని రెండో పక్షం. ఆలస్యంగా వచ్చిన ఆట ఒకనాటికి బాగుపడుతుందనీ, తొందరపడి వదిలిన ఆట ఎప్పటికీ చెడ్డదేననీ ఆ లోకంలో ఒక నానుడి కూడా ప్రచారంలో ఉంది. ఇది మన రెండు సామెతల తగాదాయే కదా!

ముందు ఒక మాట. ఒక పెద్ద ఆట తయారు కావాలంటే కథ రాసేవాళ్ళు, బొమ్మలు గీసేవాళ్ళు, సంగీతం కూర్చేవాళ్ళు, ప్రోగ్రామ్ రాసేవాళ్ళు వందలమంది కలిసి ఏళ్ళ తరబడి పనిచేయాలి. పైగా ఎవరో ఒకరు కూర్చుని ఆడేవరకు అది బాగుందో లేదో తెలియదు. దర్జీ చొక్కా కుట్టి, తొడిగి చూసి, విప్పి మళ్ళీ కుట్టినట్టుగా ఉంటుంది ఆ పని. కాబట్టి సమయం అవసరమే. ఆ విషయంలో సందేహం లేదు. కాని ఎక్కువ సమయం ఇస్తే చాలు, ఆట బాగుపడుతుందా?

నాలుగు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది 1982 నాటిది. ఆ ఏడాది అమెరికాలో 'ఇ.టి.' అనే సినిమా ఘనవిజయం సాధించింది. దాని పేరుతో ఆట తయారుచేసే హక్కును అటారీ కంపెనీ కొనుక్కుంది. క్రిస్మస్ అమ్మకాలకు అందాలి కాబట్టి, హోవార్డ్ స్కాట్ వార్షా అనే ఉద్యోగికి సుమారు 5 వారాల గడువు ఇచ్చారు. ఆయన అసమర్థుడు కాడు. నెలల తరబడి శ్రమించి ఆయన చేసిన 'యార్స్ రివెంజ్' అనే ఆటకు మంచి పేరే వచ్చింది. కాని ఈ ఆట దారుణంగా విఫలమైంది. 1983లో అమ్ముడుపోని ఇతర సరుకుతో కలిపి దీన్ని న్యూ మెక్సికోలోని ఆలమొగార్డో అనే ఊరి చెత్తదిబ్బలో పాతిపెట్టారు. 2014లో తవ్వితే అవి బయటపడ్డాయి. "చూశారా, తొందరపాటు ఫలితం!" అంటారు మొదటి పక్షంవాళ్ళు.

రెండో ఉదాహరణ వినండి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఉద్యోగి తన కార్యాలయంలోని కంప్యూటర్ మీద, పైనుంచి జారిపడే ముక్కలను వరసలుగా పేర్చే ఒక ఆట తయారుచేశాడు. దాని తొలిరూపానికి కొద్ది వారాలే పట్టింది. అదే 'టెట్రిస్'. నలభై ఏళ్ళు దాటినా ప్రపంచమంతా ఇంకా ఆడుతూనే ఉంది. ఇదీ వారాల్లో పుట్టినదే!

మూడోది 'డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్'. దీన్ని 1997లో ప్రకటించారు. తయారుచేసేవారి దగ్గర అంతకుముందు ఆట తెచ్చిపెట్టిన డబ్బు ఉంది. గడువు పెట్టి తరిమేవారు లేరు. ఎప్పుడు వస్తుందని అడిగితే, పూర్తయినప్పుడు వస్తుందనేవారు. ఏమైంది? బయట కొత్త సాంకేతికత కనబడినప్పుడు తమది పాతబడిపోయిందనిపించింది. 1998లోనే ఆటకు ఆధారమైన ఇంజన్‌ను మార్చేశారు. అలా కట్టడం, కూల్చడం, మళ్ళీ కట్టడం. 2009లో ఆ బృందాన్ని ఇంటికి పంపించారు. చివరికి మరో సంస్థ చేతిమీదుగా 2011లో ఆట వెలువడింది. 14 ఏళ్ళు ఎదురుచూసినవారికి దక్కింది నిరాశే.

నాలుగోది 'హాలో నైట్: సిల్క్‌సాంగ్'. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో ఒక చిన్న బృందం దీన్ని 2019లో ప్రకటించి, 2025 సెప్టెంబరులో విడుదల చేసింది. వీరికీ ముందటి ఆట తెచ్చిన డబ్బు ఉంది, వీరినీ తరిమేవారు లేరు. అయితే వీరు వేసిన పునాది మీదే గది తర్వాత గది కట్టుకుంటూ పోయారు. పని మీది ఇష్టంతోనే ఇన్నాళ్ళు తీసుకున్నామని చెప్పారు. ఆట ఎంతోమంది మెప్పు పొందింది.

ఇప్పుడు లెక్క చూడండి. తక్కువ కాలంలో ఒకటి చెడింది, ఒకటి బాగుపడింది. ఎక్కువ కాలంలోనూ ఒకటి చెడింది, ఒకటి బాగుపడింది. అంటే తేడా తెచ్చింది కాలం కాదు. టెట్రిస్ చేసిన మనిషి చిన్న కోరికే కోరుకున్నాడు. దానికి ఆ కాలం సరిపోయింది. ఇ.టి. విషయంలో కోరిక పెద్దది, కాలం చిన్నది, ఆ కాలాన్ని నిర్ణయించింది పని కాదు, పండుగ అమ్మకాలు. డ్యూక్ విషయంలో కాలం కావలసినంత ఉన్నా, "ఇది చాలు" అని చెప్పగల నిశ్చయం లేదు.

తత్త్వశాస్త్రం దీన్ని చాలా కాలం క్రితమే గమనించింది. అరిస్టాటిల్ ఒక వస్తువు ఉనికికి నాలుగు కారణాలు చెప్పాడు. అది దేనితో తయారైంది, దాని రూపమేమిటి, ఎవరు చేశారు, దేనికోసం చేశారు. వీటిలో కాలం లేదు! 'ఫిజిక్స్' అనే గ్రంథంలో ఆయన మరో చక్కని సంగతి చెప్పాడు. కాలం గడిచి ముసలివాళ్ళమయ్యామంటాం, కాలం గడిచి మరచిపోయామంటాం, కాని కేవలం కాలం గడవడం వల్ల నేర్చుకున్నామనిగాని, అందగాళ్ళమయ్యామనిగాని అనం. ఊరకే వదిలేస్తే కాలం అరగదీస్తుందే తప్ప నిర్మించదు.

"మరి ఆవకాయ సంగతేమిటి ఫాదర్? జాడీలో ఊరేకొద్దీ రుచి వస్తుంది కదా?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న. జాడీలో ఉప్పు, కారం, నూనె మనం నిద్రపోతున్నా పనిచేస్తూనే ఉంటాయి. అది ప్రకృతి పని. మనిషి చేసే పని అలా ఊరదు. బల్లమీద వదిలేసిన ఆటగాని, పుస్తకంగాని, సగం కట్టిన గోడగాని తనంతట తాను పక్వానికి రాదు. కాలం ఆవశ్యకమే కాని, అదొక్కటే చాలదు. కాలం అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. మంచిచెడ్డలను తేల్చి, "ఇది తీసేయాలి, ఇది ఉంచాలి, ఇక్కడ ఆగాలి" అని నిర్ణయించేది వివేకం.

ఇంతటితో ఆగితే ఇది పనితనం గురించిన పాఠమే అవుతుంది. దీనిలో నీతికి సంబంధించిన ప్రశ్న ఒకటుంది. మనం "సమయం తీసుకున్నారు" అంటాం. ఎవరి సమయం?

'సైబర్‌పంక్ 2077' అనే ఆటను పోలండ్ దేశపు సంస్థ ఒకటి 2012లో ప్రకటించింది. ఒక్క 2020లోనే మూడుసార్లు వాయిదా వేసింది. ఉద్యోగులను అదనపు పనికి బలవంతపెట్టబోమని 2019లో చెప్పిన సంస్థే, 2020 సెప్టెంబరులో వారానికి 6 రోజుల పని తప్పనిసరి చేసింది. వాయిదా ప్రకటించినప్పుడు, చంపేస్తామంటూ ఆ బృందంలోని వారికి బెదిరింపులు వచ్చాయి. ఎంతటి అన్యాయం! 2020 డిసెంబరులో ఆట వచ్చింది. అప్పటికే సుమారు 80 లక్షల ప్రతులు ముందస్తుగా అమ్ముడుపోయాయి. పాత యంత్రాలమీద అది సరిగా నడవనే లేదు. సోనీ కంపెనీ తన దుకాణంలోంచి దాన్ని తొలగించి, 2021 జూన్‌లో గాని తిరిగి పెట్టలేదు. తర్వాత ఏళ్ళపాటు మరమ్మతు చేయగా, 2023 నాటికి దానికి మంచి పేరు వచ్చింది.

"చివరికి బాగుపడింది కదా" అనవచ్చు. కాని ఆ బాగుపడటానికి మూల్యం చెల్లించినవారెవరు? వారాంతాలు ఇంటికి దూరమైన ఉద్యోగులు, పూర్తి ధర చెల్లించి సగం వస్తువు తీసుకున్న కొనుగోలుదారులు. పని ఎంత గొప్పదైనా, అది మరొకరి నిద్రను, మరొకరి నమ్మకాన్ని అప్పుగా తీసుకుని పూర్తయితే, ఆ అప్పును లెక్కలో చూపాలి. మన ఇళ్ళలోంచి హైదరాబాదు, బెంగళూరు వెళ్ళి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న బిడ్డలున్నారు. గడువు దగ్గరపడితే ఇంటికి ఫోను కూడా చేయలేని రాత్రులు ఎలా ఉంటాయో వారి తల్లులకు నేను చెప్పనక్కరలేదు.

కాబట్టి యువతీయువకులారా, మీరెదురుచూస్తున్న ఆట వాయిదా పడితే కోపగించుకోకండి. అది మంచి సూచనేనని సంబరపడనూ వద్దు. దాన్ని చేస్తున్నవారూ మీ అన్నలాంటి, అక్కలాంటి మనుషులేనని తలచుకోండి. చేతికి రాని వస్తువుకు ముందుగా డబ్బు కట్టకండి. వచ్చాక, ఆడినవారి మాట విని కొనుక్కోండి. తయారీదారుకు తొందర నేర్పేది మన తొందరే.

తల్లిదండ్రులారా, మీకూ ఒక మాట. "రోజుకు ఎన్ని గంటలు చదివావు?" అని బిడ్డను అడుగుతుంటాం. ఈ రాత్రి భోజనాల దగ్గర గంటల లెక్క పక్కన పెట్టి, "ఏం నేర్చుకున్నావు, ఎక్కడ అర్థం కాలేదు?" అని అడగండి. వాడు చెప్పేది చివరిదాకా వినండి. అందుకు కొంచెం సమయం పడుతుంది. ఆ సమయం మీది.