పేరు పెట్టే హక్కు

మా పెద్దమ్మకి రెండు పేర్లు. పుట్టింట్లో పెట్టిందొకటి, అత్తింట్లో పెట్టిందొకటి. ఇంటిపేరు మాట కాదు నేను చెప్పేది, అసలు పేరే. పెళ్ళై కాపరానికి వెళ్ళేసరికి అక్కడ అత్తగారిదీ ఆ పేరేనట. కోడల్ని కేకేస్తే అత్తగారిని పేరు పెట్టి పిలిచినట్టవుతుందని గృహప్రవేశం నాడే కొత్త పేరు పెట్టేశారు. ఆవిణ్ణి అడగలేదు. అడగాలని ఎవరికీ తోచను కూడా లేదు. మంచి పేరే పెట్టారు, లక్ష్మీకళ వుట్టిపడే పేరు. యాభై ఏళ్ళు ఆవిడ ఆ పేరుకే పలికింది. రేషను కార్డు మీదా అదే, శుభలేఖల మీదా అదే.

ఆఖరి రోజుల్లో మంచాన పడ్డాక డాక్టరుగారు వచ్చి ఆ పేరుతో ఎన్నిసార్లు పిలిచినా కన్నెత్తలేదు. మా పెద్ద మామయ్య రైలు దిగి వచ్చి, మంచం పక్కన కూచుని చిన్నప్పటి పేరుతో ఒక్కసారి పిలిచాడు. కళ్ళు తెరిచి, “ఎప్పుడొచ్చావన్నయ్యా?” అంది.

ఆ రోజు నుంచీ నన్నొక ప్రశ్న వదల్లేదు. పేరు పెట్టే హక్కు ఎవరిది? కన్నవాళ్ళదా, తెచ్చుకున్నవాళ్ళదా, జీవితమంతా ఆ పేరు మొయ్యాల్సిన మనిషిదా? మనిషి సంగతి సరే, ఒక భాషకి పేరు పెట్టాల్సి వస్తే?

ఇదేం ప్రశ్న అనకండి. ఈ మధ్య భాషల గురించి ఏదో చదువుతూంటే రెజియా అనే లోయ కథ కంటబడింది. చదువుతున్నంతసేపూ మా పెద్దమ్మే గుర్తొచ్చింది.

ఇటలీకి ఈశాన్యపు మూల, ఫ్రియూలి ప్రాంతంలో వుంది ఆ లోయ. తూర్పున కానిన్ అనే కొండ 2587 మీటర్ల ఎత్తున గోడలా నిలబడి వుంటుంది. ఆ గోడకి అవతలివైపు స్లొవేనియా. లోయకి వాకిలి మాత్రం పడమటికి, అంటే ఇటలీవైపుకి. బిలా, న్యీవా, ఒసొయానె, సొల్బిత్సా, ఇలా నాలుగైదు ఊళ్ళు. అన్నీ కలిపితే ఇవాళ వెయ్యిమంది అటూ ఇటూ. మన వైపు ఒక మోస్తరు పెళ్ళికి అంతకంటే ఎక్కువమందే వస్తారు!

ఆ కాస్తమందికీ తమదంటూ ఒక భాష వుంది. బజారుకి వెళితే ఫ్రియూలియన్, బడికి వెళితే ఇటాలియన్, ఇంట్లో పొయ్యి దగ్గర మాత్రం ఇది. భాషాశాస్త్రజ్ఞులు దీన్ని స్లొవీన్ భాషకి ఒక మాండలికం అంటారు. స్లొవేనియా జనాభా ఇరవై లక్షల పైచిలుకే అయినా ఆ భాషకి మాండలికాలు నలభై దాకా వున్నాయిట. మనం సంస్కృతం పాఠాల్లో బట్టీ పట్టి మరిచిపోయిన ద్వివచనం ఆ భాషలో ఈనాటికీ సజీవంగా వుంది. మొగుడూ పెళ్ళాం “మేమిద్దరం” అనడానికి వేరే రూపం, నలుగురైదుగురు “మేమంతా” అనడానికి వేరే రూపం. ఇంత అందమైన సదుపాయం మనకి లేనందుకు నాకు కాస్త అసూయ కలిగింది కూడా.

రెజియావాళ్ళ మాటకి ఇంకో వింత వుంది. కొన్ని అచ్చుల్ని మామూలుగా పలకరు. ఊపిరి కలిపి, కాస్త బరువుగా, గొంతు లోపల్నుంచి పలుకుతారు. స్లొవీన్‌లో ఎప్పుడో పోయిన ఒక పాత భూతకాల రూపం ఈ లోయలో దాగి బతికిపోయింది. ఊరూరికీ యాస మారుతుంది. నోరు విప్పితే చాలు, ఏ ఊరివాళ్ళో తెలిసిపోతుంది.

ఈ లోయ మగవాళ్ళు, ముఖ్యంగా సొల్బిత్సావాళ్ళు, కత్తులూ కత్తెరలూ సానబెట్టే పనిమీద ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళు. సానరాయి చక్రంతో దేశాలు దాటి పోయేవాళ్ళు. మగవాళ్ళు దేశాల మీద వుంటే గడ్డికోతా, మేకలూ, పిల్లలూ, ముసలివాళ్ళూ ఆడవాళ్ళ నెత్తినే కదా. ఆ బరువుతోపాటు భాషని కూడా వాళ్ళే మోసి వుంటారని నాకు అనిపిస్తుంది. బయటి మాటలు మగవాళ్ళ వెంట వచ్చేవి. లోపలి మాట ఊయల దగ్గర మిగిలేది. పండగలొస్తే వాళ్ళకి ఫిడేలుంది, దాన్ని త్సీతిరా అంటారు. దానికి తోడు బున్‌కులా అనే పెద్ద తీగవాద్యం. మూడో వాద్యం వాయించేవాడి కాలే. చెక్కనేల మీద పాదం వేస్తూ తాళం పట్టుకుంటాడు.

ఇక పండితుల రాక. 1870ల మొదట్లో బొదువెన్ ద కుర్తెనే అనే పోలిష్ పండితుడు ఈ లోయకి వచ్చాడు. అప్పటికాయనకి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. రైతుల ఇళ్ళలో కూచుని మాటలు రాసుకుని, 1875లో రెజియా పలుకుల ధ్వనుల మీద రష్యన్ భాషలో పెద్ద గ్రంథం వేశాడు. దాదాపు తొంభై ఏళ్ళ తరవాత, 1962లో, మిల్కో మాతిచెతొవ్ అనే స్లొవీన్ జానపద పరిశోధకుడు వచ్చి కథలు సేకరించడం మొదలుపెట్టాడు. నక్కా తోడేలూ కథలు కొన్ని ఏరి 1973లో పిల్లల పుస్తకంగా తెచ్చాడు. స్లొవేనియా పిల్లలు వాటిని తమ కథలుగానే చదువుకుని పెరిగారు. రెజియా అవ్వలు చలికాలం రాత్రుళ్ళు మనవలకి చెప్పిన కథలు అలా కానిన్ కొండ దాటాయి.

ఇంతవరకూ అందరూ సంతోషమే. తగాదా ఎక్కడంటే పేరు దగ్గర.

లోయలో చాలామంది “మాది స్లొవీన్ కాదు, మాది రెజియా భాష” అంటారు. ఇంట్లో అయితే అదీ అనరు. “పొ నెస్” అంటారు. అంటే “మన పద్ధతిలో” అని. వాళ్ళ పూర్వులు రష్యా నుంచి వచ్చారని ఒక నమ్మకం కూడా వుంది. ఇటలీ ప్రభుత్వం 2001లో స్లొవీన్ మైనారిటీకి రక్షణ చట్టం చేసి, తరవాత ఆ పరిధిలోకి రెజియాని చేరిస్తే, మమ్మల్ని ఆ జాబితాలోంచి తీసెయ్యమన్నవాళ్ళున్నారు. “మా అమ్మమ్మలు మాట్లాడింది స్లొవీనే, అందులో సిగ్గేముంది?” అన్నవాళ్ళూ అదే లోయలో వున్నారు. ఒకే ఊరు, ఒకే వీధి, ఒకే మాట. దాన్ని ఏమనాలన్న దగ్గర మాత్రం మొహాలు తిప్పుకుంటారు.

నిజం చెప్పొద్దూ, మొదట నాకు నవ్వొచ్చింది. ఇదేం చోద్యం! వ్యాకరణం తెలిసినవాళ్ళు ఇది ఫలానా భాష కొమ్మ అని తేల్చి చెబుతూంటే కాదనడానికి వీళ్ళెవరు? రక్తపరీక్ష చేసి బంధుత్వం రుజువయ్యాక “నువ్వు నాకేమీ కావు” అన్నట్టు లేదూ?

తరవాత ఆ కొండ మీది గీత కథ చదివాను. 1866లో ఈ లోయ ఇటలీలో కలిసింది. కొండకి అవతల ఆస్ట్రియా. మొదటి యుద్ధం అయ్యాక అవతలి వైపూ ఇటలీదే అయింది. ఫాసిస్టుల కాలంలో స్లావిక్ మాట మీద నిషేధాలొచ్చాయి. 1933లో ఈ సరిహద్దు స్లొవీన్ పల్లెల్లో చర్చిలో ప్రార్థన కూడా సొంత మాటలో చెప్పుకోనివ్వలేదు. 1947లో మళ్ళీ గీత మారి, కొండ అవతల యుగోస్లావియా వచ్చింది. ఆ రోజుల్లో “నేను స్లొవీన్” అని పైకంటే భాష సంగతి చెప్పినట్టు కాదు. ఆ సరిహద్దు లోయల్లో అది కమ్యూనిస్టుల మనిషినని, శత్రువు పక్షమని ఒప్పుకున్నట్టు లెక్క. 1991లో అది స్లొవేనియా అయింది. 2007 చివర్లో సరిహద్దు తనిఖీలు ఎత్తేశారు, 2023లో ఇటలీ మళ్ళీ మొదలుపెట్టింది. ఇన్నిసార్లు గీత గీసినవాళ్ళలో లోయలో పాలు పితుక్కునే ఆవిణ్ణి ఒక్కరైనా అడిగారా? మరి అలాంటి మనిషి, నాకు ఏ దేశం పేరూ వద్దు, నా ఊరి పేరు చాలు అంటే తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

అయితే, ఇక్కడితో ఆగిపోతే బావుణ్ణు. ఎవరి భాషకి వాళ్ళిష్టమొచ్చిన పేరు పెట్టుకోవచ్చు అనేసి కలం మూసేద్దును. కానీ మనసు ఊరుకోదు కదా.

ఆ హక్కు ఎంతదాకా? రెజియా మొత్తానికి హక్కుంటే, సొల్బిత్సాకి లేదా? మాది రెజియా కూడా కాదు, సొల్బిత్సా భాష అంటే? 1990లలో హాన్ స్టెయిన్‌వైక్ అనే డచ్ పండితుడు ఈ మాటకి రాతపద్ధతి ఒకటి తయారుచేసినప్పుడు ఊరి యాసకీ ఊరి యాసకీ మధ్య తేడాల్ని లెక్కలోకి తీసుకోవలసే వచ్చింది. వేరు కాపరాలు పెట్టుకుంటూ పోతే చివరికి ఎవరి కుంపటి వారిదే. తోడికోడళ్ళు విడిపోయాక పచ్చడి జాడీలు కూడా పంచుకున్న ఇళ్ళు మనకి తెలియవూ?

ఇంకోటి. భయంతో చెప్పిన “కాదు” వేరు, ఇష్టంతో చెప్పిన “కాదు” వేరు. తాతల కాలంలో భయపడి బంధుత్వం దాచుకున్నారు. మనవల నాటికి ఆ దాచుకోవడమే అభిమానంగా మారిందేమో! బయటివాళ్ళం మనకి అది ఎలా తెలుస్తుంది? మా పెద్దమ్మ కొత్త పేరుకి యాభై ఏళ్ళు పలికింది కదా, అది ఇష్టమా, అలవాటా? ఆవిణ్ణి అడిగినా చెప్పగలిగేది కాదేమో.

చాలా రోజులు ఆలోచించాక నాకు తోచిందిది. చుట్టరికం వేరు, పేరు వేరు. చుట్టరికం మన ఇష్టాన్ని బట్టి వుండదు. బొదువెన్ గారూ మాతిచెతొవ్ గారూ విని రాసుకున్న మాటలే దానికి సాక్ష్యం. రెజియా మాట స్లొవీన్ మాండలికాలకి తోబుట్టువన్నది నిజం. రష్యా కథ ఎంత ముద్దుగా వున్నా కథే. నిజాన్ని కాదంటే పిల్లలకి అబద్ధం నేర్పినట్టే. కానీ పేరు అలా కాదు. నన్ను ఎలా పిలవాలో చెప్పడం నా వంతు. “నువ్వు మా పిల్లవే, కనుక మేం పెట్టిన పేరుకే పలకాలి” అనడంలో ప్రేమ వుండొచ్చు, పెత్తనమూ వుంది. 2007లో ఆ ప్రాంతపు శాసనసభ స్లొవీన్ కోసం చట్టం చేస్తూనే అందులో రెజియా మాటని విడిగా పేరు పెట్టి ప్రస్తావించింది. అందరికీ తృప్తి కలగకపోయినా, చుట్టరికాన్నీ పేరునీ ఒకే కాగితం మీద పక్కపక్కన కూచోబెట్టవచ్చని మాత్రం అది చూపించింది.

ఇదంతా పెద్దల తగువు. ఆ లోయలో చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్న తల్లి సంగతేమిటి? స్లొవీన్ అని ఒప్పుకుంటే పుస్తకాలున్నాయి, పాఠాలున్నాయి, డబ్బుంది. కానీ ఆ పుస్తకాల్లో వుండేది ల్యుబ్ల్యానా నగరపు స్లొవీన్. వాళ్ళ అమ్మమ్మ నోట వినపడే మాట అందులో దొరకదు. ఒప్పుకోకపోతే తన మాట తనకే, కానీ వెయ్యిమందికి బడి ఎవరు పెడతారు, పుస్తకం ఎవరు వేస్తారు? ఈ రెండిటి మధ్యా నలిగి, “పోనీలే, ఇటాలియన్‌లో చెబితే ఏ గొడవా లేదు” అనుకుంటుంది ఆ తల్లి. ఆ ఒక్క “పోనీలే” చాలు. నిషేధాలు చెయ్యలేని పని అది చేసేస్తుంది. ప్రమాదంలో వున్న భాషల పట్టికలో యునెస్కో రెజియా మాటని ఇప్పటికే చేర్చింది.

1976 మే 6న ఫ్రియూలిలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ ప్రాంతమంతా కలిపి తొమ్మిది వందల మందికి పైగా పోయారు. రెజియాలోనూ ఇళ్ళు కూలాయి. సెప్టెంబరులో మళ్ళీ కంపించింది. ఇళ్ళు మళ్ళీ కట్టుకున్నారు. రాళ్ళు తెచ్చుకోవచ్చు, దూలాలు తెచ్చుకోవచ్చు. ఊపిరి కలిపి పలికే ఆ అచ్చులు పోతే ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు? అందుకే, ఆ మాటలో కవిత్వం రాసే సిల్వానా పలెత్తి వంటి ఆడవాళ్ళున్నారని తెలిసినప్పుడు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నా ప్రాణం లేచొచ్చింది. పేరు గురించి వాదించుకోండమ్మా, ఫరవాలేదు, కానీ ఆ వాదన కూడా “మన పద్ధతి” మాటలోనే వాదించుకోండి అని చెప్పాలనిపించింది.

మా పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పెద్ద మామయ్యా పోయాడు. ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళం ఇప్పుడు మా అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మకి ఆవిడ అక్క, నాకు పెద్దమ్మ. ఇద్దరం పేరు పెట్టి పిలవం. మొన్న మా అమ్మాయి, “ఇంతకీ ఆవిడ పేరేమిటమ్మా?” అని అడిగితే, పెద్దవాళ్ళ పేరు అనకూడదన్న పట్టింపు పక్కనపెట్టి, గట్టిగా పైకి చెప్పాను.