ఎవరి కోసం?

సిగరెట్ తాగుతానని ఒప్పుకోవడం కన్నా, దాన్ని మానడానికి నికోటిన్ గమ్ నములుతున్నానని ఒప్పుకోవడమే నాకు కష్టంగా ఉండేది. కడుపుతో ఉన్నప్పటి మాట. మందేమీ లేకుండా మానమని డాక్టరమ్మ మొదట చెప్పింది. నా వల్ల కాకపోయేసరికి రెండు మిల్లీగ్రాముల గమ్ రాసిచ్చింది.

మైపాడులో పుట్టింటికి వెళ్లినప్పుడు అమ్మ అడిగేది: "ఏందే, పొద్దస్తమానం నమలతా ఉండావు?" సోంపు అనేదాన్ని. మా అవ్వ చేపల గంప దించి, ఇసుకలో కూర్చుని, అందరి ముందూ చుట్ట ముట్టించేది. ఎవరూ నోరెత్తలేదు. చదువుకుని ఉద్యోగం చేసే మనవరాలికి మాత్రం ఆ చనువు లేదు.

గమ్ తగ్గించడానికి నాకు ఒక సాకు కూడా దొరికింది. ముంబైలో చేసిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. పొగాకు నమిలే, పళ్లకు రుద్దుకునే తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారట. గమ్ కూడా నమిలేదేగా అనుకున్నాను. రెండూ ఒకటి కావని డాక్టరమ్మ చెప్పింది. నికోటిన్ మంచిదేమీ కాదు, కానీ సిగరెట్‌తో అది ఎలాగూ లోపలికి పోతోంది. పైగా పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బిడ్డకు అందాల్సిన ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. గమ్‌లో ఆ పొగ లేదు.

అయినా చెప్పినదానికన్నా తక్కువే నమిలాను. బిడ్డ కోసమని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు చూసుకుంటే అందులో బిడ్డ వంతు తక్కువ, ఎవరైనా చూస్తారన్న భయం వంతు ఎక్కువ. ఆ లోటు మేడ మీద సిగరెట్‌తో తీరేది! గర్భిణి ఒంట్లో నికోటిన్ మామూలుకన్నా త్వరగా ఖర్చయిపోతుందని తర్వాత తెలిసింది. బ్రిటన్‌లో 1050 మంది గర్భిణులపై చేసిన పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ వల్ల కాన్పు నాటికి మానేసినవాళ్ల సంఖ్య చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. నెల దాటి ప్యాచ్ వాడినవాళ్లే బహు కొద్దిమంది. వాళ్లలో ఎందరు నాలాగే దాచుకున్నారో! ఆ బిడ్డలను రెండేళ్ల వయసులో చూస్తే ప్యాచ్ వల్ల హాని జరిగినట్టు కనబడలేదు.

గమ్ మహిమ గలదని నేననను. సగం వాడిన మందుతో దాని గుణం తేల్చలేం, అంతే.

మీరూ ఈ స్థితిలో ఉంటే మీ అంతట మీరు కొనుక్కోకండి, డాక్టరుతో చెప్పండి. ఎదురుగా కూర్చుని చెప్పడానికి నోరు రాకపోతే పొగాకు మానాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356 ఉంది. అక్కడ ఎవరికీ మొహం చూపించక్కర్లేదు. కడుపుతో ఉన్న సంగతి మాత్రం మొదటే చెప్పండి.