వద్దన్న మాట

వెన్నంటి ఉండటం వేరు, వెంటపడటం వేరు. మొదటివాడు ఆప్తుడు, రెండోవాడు పీడ. మన భాషకు తెలిసిన ఈ తేడా మన సినిమాలకే తెలియలేదు. అమ్మాయి ఛీ కొట్టినకొద్దీ హీరోగారికి పట్టుదల పెరుగుతుంది!

మా జూలూరుపాడులాంటి ఊళ్ళల్లో వెనకటికి వెంటపడేవాడికి కొన్ని తిప్పలుండేవి. కొత్తగూడెం బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడాలి. "ఎవరబ్బాయివిరా నువ్వు?" అని ఏ పెద్దాయనో గదమాయిస్తే నీళ్ళు నమలాలి. ఇప్పుడా బాధ లేదు. ఆ పిల్ల ఎప్పుడు మేలుకుందో, ఎవరి ఫొటో మెచ్చుకుందో మంచం దిగకుండానే కనిపెట్టొచ్చు.

2013లో మన శిక్షాస్మృతిలో 354-డి సెక్షను చేరేదాకా ఇదొక ప్రత్యేక నేరమే కాదు. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను అయింది. ఇష్టం లేదని స్త్రీ స్పష్టంగా తెలియజేసినా, పరిచయం పెంచుకోవాలని పదే పదే వెంబడించడం నేరం. ఆమె ఇంటర్నెట్టు, ఈమెయిలు వగైరాల వాడకంపై నిఘా వేయడమూ నేరమే. మొదటిసారికి మూడేళ్ళదాకా జైలు, జరిమానా. మళ్ళీ చేస్తే ఐదేళ్ళదాకా.

గమనించారా? మొదటిదానికి ఆమె వద్దనాలి. రెండోదానికి ఆ షరతు లేదు. నిజమే మరి, ఎవరో చూస్తున్నారనే తెలియని మనిషి ఎవరితో వద్దంటుంది?

ఇక్కడే నాకో ధర్మసందేహం. చెల్లెలు అటు వెళ్ళగానే ఫోను తిరగేసే అన్నయ్య మాటేమిటి? "దాని మంచికేగా" అంటాడు. వెంటపడేవాడూ "ప్రేమకొద్దీ" అనేగా అంటున్నాడు! ఆ సెక్షను చెప్పేది మగవాళ్ళ గురించే కాబట్టి తల్లులం మనల్ని ఏమీ అనదు. అంతమాత్రాన మనకు హక్కు వచ్చేసినట్టా? పసిపిల్లల సంగతి వేరు. ఎదిగిన పిల్లతో "నేను చూస్తున్నానమ్మా" అని ఎదురుగా చెప్పి, వద్దంటే ఆగగలిగితే అది కాపలా. లేకపోతే దానికి ఏ పేరు పెట్టుకున్నా నిఘాయే.

హైదరాబాదులో 2014లో మొదలైన షీ టీములు తర్వాత తెలంగాణ అంతటికీ వచ్చాయి. సంతోషమే. కానీ అక్కడిదాకా వెళ్ళాలంటే పిల్ల ముందు ఇంట్లో నోరు విప్పాలిగా! చెబితే ఫోను లాక్కుంటారనీ, చదువు మానిపిస్తారనీ దాని భయం. తప్పు వాడిదీ, శిక్ష దీనికీనా?

ఆడపిల్ల అనే "వద్దు"కు చట్టం ఆలస్యంగానైనా విలువ కట్టింది. ఆ మాట మొదట వినవలసిన చోటు మాత్రం కోర్టు కాదు, మన వంటిల్లే.